పిలుపుల జాబితా

మా క్యాంపు ఇళ్ళల్లో నిశ్చితార్థాన్ని ఇప్పటికీ "తాంబూలాలు" అనే అంటారు. తాంబూలాలు ఎప్పుడు, తాంబూలాలు అయిపోయాయా, తాంబూలాలకి ఎవరెవరు వచ్చారు, ఇలా. గోరేబాళ ఊళ్ళో కన్నడం వాళ్ళు "నిశ్చయ" అంటారు. పాత మైసూరు వైపు వాళ్ళయితే "వీళ్యశాస్త్ర" అంటారు. వీళ్య అంటే తమలపాకే. రెండు ఇళ్ళ పెద్దలు నలుగురి ముందు ఆకూ వక్కా మార్చుకుని, పిల్లనిస్తున్నాం, చేసుకుంటున్నాం అని మాట ఇచ్చుకోవడం. ఉంగరాలు, కేకు, వెనకాల పూల గోడ ఇవన్నీ తర్వాత వచ్చి చేరినవి. ఆ "నలుగురు" ఎవరు అనే దగ్గరే మా చెల్లి తాంబూలాలకి ముందు, 2024 శ్రావణంలో, మా ఇంట్లో పెద్ద వాదన నడిచింది.

మన క్యాంపుల సంగతి తెలియని వాళ్ళకోసం నాలుగు మాటలు. తుంగభద్ర డ్యాం పూర్తయి 1953లో ఎడమ కాలవకి నీళ్ళొచ్చాయి. అప్పటికి రాయచూరు జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది, 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆ మైసూరు రాష్ట్రమే 1973లో కర్ణాటక అయింది. సింధనూరు చుట్టుపక్కల అంతా నల్లరేగడి, జొన్నా పత్తీ వేసే మెట్ట. వరి చెయ్యడం తెలిసిన కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల రైతులు ఒకరి వెనక ఒకరు వచ్చి కాలవ కింద భూములు కొనుక్కుని క్యాంపులు కట్టుకున్నారు. మా తాతయ్య 1962లో వచ్చాడు. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ నాలుగైదు ఎకరాలు వచ్చేవని నాన్నమ్మ చెప్తుంది. ఆ నాలుగైదులో నీటిమట్టానికి చదును చేసుకోవడానికి ఎన్నేళ్ళు పట్టిందో కూడా వెంటనే చెప్తుంది.

పెళ్ళికొడుకు వాళ్ళది భీమవరం దగ్గర పల్లెటూరు. అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం, మా చెల్లీ అక్కడే. పెళ్ళిచూపులు, జాతకాలు అయ్యాక వాళ్ళ నాన్నగారు ఫోన్ చేసి చాలా మర్యాదగానే అడిగారు. "బావగారూ, తాంబూలాలు ఇక్కడే ఏదన్నా ఏసీ హాల్లో పెట్టుకుంటే మీకూ శ్రమ ఉండదు కదా. మీ చుట్టాలు కూడా ఎక్కువమంది ఇటే ఉంటారు." అందులో తప్పేమీ లేదు. మా చుట్టాల్లో సగం మంది నిజంగానే అటే ఉన్నారు. గోరేబాళ రావాలంటే రాయచూరు దాకా రైలు, అక్కణ్ణించి కారు. అంతకు కొద్ది నెలల ముందే సింధనూరుకి కొత్తగా రైలొచ్చింది గానీ అది హుబ్బళ్ళి వైపుది, వీళ్ళకి పనికిరాదు.

నాన్న మాత్రం ఒకటే మాట అన్నాడు. "పెళ్ళి మీ ఇష్టం బావగారూ, ఎక్కడంటే అక్కడ. తాంబూలాలు మాత్రం మా ఇంటి ముందు." వాళ్ళు ఒప్పుకున్నారు. మా పిన్నీ బాబాయీ మాత్రం ఒప్పుకోలేదు. ఇంత మంచి సంబంధం వస్తే మట్టిలో చేస్తారా, కనీసం సింధనూరులో కల్యాణ మంటపం అయినా చూడండి అన్నారు. సరే, హాలు మాట్లాడాం. హాలు అద్దె, స్టేజి అలంకరణ, ఫోటోలు, డ్రోన్ అన్నీ కలిపి లక్షా ఎనభై వేలు. భోజనాలు వేరు.

ముహూర్తం ఆదివారం ఉంటే బాగుండునని మేము ఆశపడ్డాం, సెలవు కలిసొస్తుందని. పంతులుగారు పంచాంగం చూసి ఆగస్టు 18 ఆదివారం చతుర్దశి, పనికిరాదన్నారు. పౌర్ణమి వెళ్ళాక 22 గురువారం తదియ పొద్దున బాగుందన్నారు. గురువారం అంటే ఉద్యోగస్థులకి రెండు రోజుల సెలవు. "శుభకార్యానికి సెలవు పెట్టుకోలేని వాళ్ళు పెళ్ళికి మాత్రం వస్తారా" అంది నాన్నమ్మ. తేదీ ఖాయం.

పిలుపుల జాబితా నాకు అప్పగించారు. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎక్కడ ఏది తప్పుతుందో ముందే రాసి పెట్టుకోవడమే పని కాబట్టి ఇంట్లో ఇలాంటివన్నీ నాకే వస్తాయి. ఫోన్లో ఒక పట్టిక చేశాను. పేరు, ఊరు, ఎంతమంది, ఎవరు పిలవాలి, ఫోనులో చాలా లేక బొట్టు పెట్టి పిలవాలా, రాత్రి బస ఉందా. వారం తిరిగేసరికి 430 మంది తేలారు. ఆంధ్ర నుంచి వచ్చే చుట్టాలు, మగపెళ్ళివారు, మా క్యాంపు, పక్క క్యాంపులు, సింధనూరులో నాన్న తెలిసినవాళ్ళు, చివర గోరేబాళ ఊరివాళ్ళు.

ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది.

మర్నాడు ఆదివారం. నేను ఇంట్లోనే ఉన్నాను. తెల్లవారకముందే క్యాంపులో మగవాళ్ళందరూ రామాలయం అరుగు మీద చేరారు. ఒక్కళ్ళూ గట్టిగా మాట్లాడటం లేదు. డ్యాం నిండుగా ఉంది, మొత్తం నిల్వ 105 టీఎంసీల పైన. ఉన్న గేట్లు 33. విరిగినచోట నీటి ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తి నీళ్ళు వదిలేస్తున్నారు. అంటే మా పంటకి దాచిన నీళ్ళే. మాకు తొమ్మిదెకరాలు. నాలుగెకరాల్లో నాట్లు పడ్డాయి, మిగతాదానికి నారు మడిలోనే ఉంది. నీటిమట్టం తగ్గితే తప్ప గేటు పెట్టలేరని టీవీలో చెప్తున్నారు. ఎంత తగ్గాలో, తగ్గాక కాలవకి ఏం మిగులుతుందో ఎవరికీ తెలీదు. రెండో పంట సంగతి దేవుడెరుగు, ఉన్న నాటు కంకి దాకా వస్తుందా అన్నదే అందరి నోటా.

నాన్న ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని మంచం మీద కూర్చున్నాడు. "జాబితా తియ్యి" అన్నాడు. "నూట యాభైకి తగ్గించు."

తాంబూలాలు వాయిదా వేద్దామని ఎవరూ అనలేదు. మగపెళ్ళివారే ఫోన్ చేసి, "కావాలంటే మాఘంలో పెళ్ళితో కలిపి చేసుకుందామండీ, మాకేం అభ్యంతరం లేదు" అన్నారు. ఆయనా రైతే, వార్త చూసి చేశారు. నాన్న జవాబు చెప్పేలోపే నాన్నమ్మ ఫోన్ తీసుకుంది. "మా పెద్దమ్మాయి పెళ్ళి ఏడు పంటే లేదు బాబూ. అయినా చేశాం. మీరు రండి." ఫోన్ పెట్టేసింది.

430 నుంచి 150. ఎవర్ని తియ్యాలి? పిన్ని లెక్క ఆమెకి సూటిగా ఉంది. ఊరివాళ్ళు అరవై మంది, పక్క క్యాంపులు డెబ్భై, సింధనూరు పరిచయాలు యాభై, ఇవి తీసేస్తే చాలావరకు అయిపోతుంది. "మనవాళ్ళని పిలుచుకోవాలి గానీ ఊరివాళ్ళని పెళ్ళికి పిలవొచ్చు, వాళ్ళేం అనుకోరు" అంది. అమ్మ మెల్లిగా, "మనవాళ్ళంటే ఎవరు? మూడేళ్ళకోసారి కనపడే వాళ్ళా?" అంది. పిన్ని ముఖం ముడుచుకుంది. బాబాయి లేచి బయటికెళ్ళాడు. మా ఇంట్లో తాంబూలాలకి ముందు జరిగిన గొడవ ఇదే.

మర్నాడు నాన్నమ్మ తన ట్రంకు పెట్టె అడుగునుంచి ఒక పుస్తకం తీసి నా ముందు పెట్టింది. పొడుగాటి లెక్కల పుస్తకం, ఎర్ర గుడ్డ అట్ట. మా పెద్దత్త పెళ్ళి చదివింపుల పుస్తకం, తాతయ్య రాసింది, 1984. "చదువు" అంది.

నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు ఎండాకాలం సెలవుల్లో అమ్మ నేర్పింది. రెండు లిపులూ ఒక తల్లి పిల్లలు కాబట్టి సగం అక్షరాలు చూడగానే తెలుస్తాయి. క, త, హ లాంటివి, తలకట్లు మాత్రం కొన్నాళ్ళు తిప్పలు పెట్టాయి. అచ్చులో ఉన్న తెలుగు చదవగలను. తాతయ్యది గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా ఒక పదానికి ఇంకో పదం తగిలించి రాసేవాడు. పక్కన నాన్నమ్మ కూర్చుని, నేను ఆగినచోటల్లా అందిస్తూ పోయింది. ఆమెకి చదువు రాదు. ఆ పేర్లన్నీ ఆమెకి వరసగా నోటికొచ్చు.

మొదటి నాలుగు పేజీలు ఆంధ్ర చుట్టాలు. పదకొండు రూపాయలు, ఇరవై ఒకటి, ఒకచోట నూట పదహార్లు. ఐదో పేజీలో పైన "గోరేబాళ" అని రాసి కింద గీత గీశాడు. ఆ పేజీలో డబ్బులు తక్కువ. "గౌడ్రు ఇల్లు, జొన్నలు రెండు సంచులు, పాలు ఇరవై సేర్లు." "మఠం స్వాములు, బియ్యం ఐదు సేర్లు, రవిక గుడ్డ." "బడిగేరు, పీటలు రెండు, కూలి తీసుకోలేదు." "కుంబారు, కుండలు, కూలి తీసుకోలేదు." "హూగారు, దండలు." ఇంటిపేరో కులవృత్తో తెలియకుండా ఎలా పిలిచేవాళ్ళో అలాగే రాశాడు. బడిగేరు అంటే వడ్రంగులని, హూగారు అంటే పూలవాళ్ళని మనకి తెలుసు గానీ ఆ పేజీని భీమవరంలో ఎవరికన్నా ఇస్తే అర్థం కాదు. తెలుగు అక్షరాల్లో రాసిన కన్నడ ఊరు అది.

"ఆ ఏడు పంట లేదు. అక్కణ్ణించి వచ్చినవాళ్ళు డబ్బులు చదివించి రాత్రి బస్సెక్కారు. తిండి పెట్టింది ఈ పేజీ" అంది నాన్నమ్మ.

చదివింపులు అంటే తిరిగి ఇవ్వాల్సినవని మనందరికీ తెలుసు. వాళ్ళింట్లో కార్యం వస్తే అంతకి తగ్గకుండా మనం పెట్టాలి, అందుకే పుస్తకం దాచుకుంటారు. కన్నడంలోనూ ఈ మాట ఉంది, "ముయ్యి" అంటారు. పెళ్ళిలో ఇచ్చింది పెళ్ళిలో తీర్చుకునే ఇచ్చిపుచ్చుకోవడం. తాతయ్య ప్రతి పేరు పక్కనా తర్వాత వేరే సిరాతో టిక్కు పెట్టుకున్నాడు, తీరిపోయిందని. ఐదో పేజీలో కొన్ని పేర్లకి టిక్కు లేదు. ఎందుకని అడిగితే, "కూలి తీసుకోని వాళ్ళకి ఎంతని తీరుస్తావు" అంది.

ఆ రాత్రి నాన్న మనసు మార్చుకున్నాడు. జాబితాలో ఎవర్నీ తియ్యొద్దు, హాలు తీసెయ్యమన్నాడు. స్టేజి లేదు, డ్రోన్ లేదు. రామాలయం ముందు ఖాళీలో షామియానా. ఎవరికి ఫోన్ చేసినా, "ఈసారి ఇంటి ముందేనండీ, భోజనం పప్పూ కూరా" అని ముందే చెప్పమన్నాడు. రాలేనివాళ్ళు రాకపోవచ్చు. అలా చెప్పినందుకు ఆంధ్ర నుంచి కొంతమంది తామే తగ్గారు. నాట్ల కాలం కదా, పెళ్ళికొస్తాం అన్నారు. హాలుకి ఇచ్చిన బయానా ఇరవై వేలు తిరిగి రాలేదు. ఈ సంగతి పిన్ని ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

పుస్తకంలో లేనివాళ్ళు కూడా ఒకళ్ళు ఉన్నారు. మా పొలంలో నాట్లు వేసే ఆడవాళ్ళ ముఠా, గోరేబాళ హరిజన కేరి నుంచి పద్నాలుగు మంది. తాతయ్య పుస్తకంలో వాళ్ళ పేరు ఒక్కటీ లేదు. నా పట్టికలోనూ "పనివాళ్ళు, సాయంత్రం భోజనం పంపాలి" అని వేరే వరస. అది నాకు ఎవరూ చెప్పి రాయించలేదు, ఇంట్లో ఎప్పుడూ అలాగే జరుగుతుంది గనక అలాగే వచ్చింది. అమ్మ పట్టిక చూసి, "వీళ్ళకి బొట్టు పెట్టి నేనే పిలుస్తా, అందరితో పాటే పిలుద్దాం" అంది. నాన్నమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పిలిస్తే బల్లల దగ్గరే కూర్చోబెట్టండి. పిలిచి వెనకాల పెడితే పిలవకపోవడమే నయం" అంది. ఎనభై దాటిన మనిషి ఆ మాట అనడం తేలిక కాదని నాకు తెలుసు. అమ్మా నేనూ కుంకుమ భరిణె పట్టుకుని వెళ్ళి పిలిచాం. ఆ వీధిలోకి నేను అంతకుముందు కూలి డబ్బులు ఇవ్వడానికి మాత్రమే వెళ్ళాను.

ఇంతలో డ్యాం దగ్గర పని సాగుతోంది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు వచ్చారని, పారే నీళ్ళలోనే స్టాప్‌లాగ్ దించుతారని టీవీలో రోజంతా అదే. వరలక్ష్మీవ్రతం రోజు, 16న, ముత్తయిదువలు తోరాలు కట్టుకుంటూ కూడా ఒక చెవి టీవీ వైపే పెట్టారు. 17కల్లా గేటు చోట నీళ్ళు ఆగాయి. పోయినవి పోగా డ్యాంలో డెబ్భై టీఎంసీల దాకా మిగిలాయన్నారు. నాన్న వెళ్ళి మిగతా ఐదెకరాలకి నాట్ల ముఠా మాట్లాడుకొచ్చాడు. అదే ముఠా. తాంబూలాల రోజు నాట్లు పెట్టుకోకూడదని అప్పుడు గుర్తొచ్చింది. గురువారం మా పొలం మానేశాం, వేరే రైతుల పొలాలు మానవు కదా.

వంటల దగ్గర ఇంకో చిన్న పేచీ. మగపెళ్ళివారి వైపు కుర్రాళ్ళకి బిర్యానీ లేకపోతే భోజనం చేసినట్టు ఉండదు. కానీ శ్రావణమాసం, పైగా ఊరి పెద్దల్లో చాలామంది లింగాయతులు, మాంసం వండిన పందిట్లో చెయ్యి కడగరు. శాకాహారమే ఖాయం చేశాం. పులిహోర, ముద్దపప్పు, గోంగూర, ఉలవచారు మా వైపువి. ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి చేసినవి జొన్న రొట్టె, నూనె వంకాయ, శేంగా చట్నీ పొడి. బొబ్బట్లు మాత్రం ఎవరివో తేలలేదు. మేము బొబ్బట్లు అంటే వాళ్ళు హోళిగె అన్నారు, ఎవరి కొలతలో వాళ్ళు బెల్లం వేశారు. మగపెళ్ళివారు ఆత్రేయపురం పూతరేకులు తెచ్చారు. ఊరి పిల్లలు మొదట అది కాగితం అనుకుని విప్పడానికి చూశారు.

గురువారం పొద్దున తొమ్మిదింటికల్లా జనం చేరారు. తాంబూలాలు మార్చుకునే ముందు పంతులుగారు లగ్నపత్రిక చదివారు. గోత్రాలు, తాతముత్తాతల పేర్లు, మాఘంలో పెళ్ళి ముహూర్తం. అన్నీ తెలుగులో. ముందు వరసలో కూర్చున్న గోరేబాళ పెద్దలు తల ఊపుతున్నారు గానీ వాళ్ళకి సగమే అర్థమవుతోందని తెలుస్తూనే ఉంది. నాన్న నా వైపు చూసి, "కన్నడంలో ఓసారి చెప్పమ్మా" అన్నాడు. పత్రిక తీసుకుని చూస్తూ కన్నడంలో చెప్పాను. ఇలా ఇలా, ఫలానా వారి మనవరాలిని, ఫలానా వారి మనవడికి. తాతయ్య పేరు రాగానే గౌడ్రు ఇంటి పెద్దాయన "హౌదు" అన్నాడు, పిల్లనిచ్చేది తానే అన్నట్టు. మగపెళ్ళివారి నాన్నగారు అది విని నవ్వి, పళ్ళెం ఒక పక్క ఆయన్ని కూడా పట్టుకోమన్నారు. అలా తాంబూలాల పళ్ళెం మీద మూడు ఇళ్ళ చేతులు పడ్డాయి.

తర్వాత ఊరి ఆడవాళ్ళు చెల్లిని పీట మీద కూర్చోబెట్టి ఉడి తుంబారు. బియ్యం, కొబ్బరిచిప్ప, పసుపుకొమ్ములు, రవిక గుడ్డ కొంగులో పోయడం. పెళ్ళికొడుకు మేనత్త ఒకావిడ చూసి, "మా తోడికోడలు వరంగల్ మనిషి, వాళ్ళు ఒడిబియ్యం అని ఇలాగే పోస్తారు" అంది. ఒడి, ఉడి ఒకటే కదా. నాట్ల ముఠాలోంచి ఆ వేళకి ముగ్గురే రాగలిగారు. మిగతావాళ్ళు వేరే పొలంలో పూట పని ముగించుకుని రెండింటికి వచ్చారు, కాళ్ళకి బురద కడుక్కుని. అప్పటికి మూడో బంతి. బల్లల దగ్గరే కూర్చున్నారు. పక్క వరసలో ఇద్దరు లేచి వెళ్ళిపోవడం చూశాను. ఎవరో తెలుసు, ఇక్కడ రాయను. అమ్మ చూసీ చూడనట్టు బొబ్బట్లు వడ్డిస్తూ పోయింది.

మాఘంలో పెళ్ళి భీమవరం దగ్గర అయింది. గోరేబాళ నుంచి ఒక బస్సు వేశాం. డ్యాం ఆ వానల్లోనే మళ్ళీ నిండింది, రెండు పంటలూ చేతికొచ్చాయి.

తాంబూలాలకి చదివింపులు రాయడం మా ఇళ్ళల్లో ఆనవాయితీ కాదు. అయినా కొత్త పుస్తకం ఒకటి మొదలుపెట్టాను. ఎవరు వచ్చారు, ఎవరు రొట్టెలు కాల్చారు, ఎవరు ముందురోజు రాత్రి షామియానా గుంజలు పాతారు, అవి రాశాను. ముఠా పద్నాలుగు మంది పేర్లు రాశాను. వాళ్ళ పూర్తి పేర్లు అడిగి తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. తెలుగువాళ్ళవి తెలుగులో, ఊరివాళ్ళవి కన్నడంలో. గొలుసుకట్టు కాదు, విడివిడిగా, ఎవరైనా చదివేలా. నాన్నమ్మ దాన్ని తన పెట్టెలో పాత పుస్తకం కింద పెట్టింది. పైన పెట్టొచ్చుగా అంటే, "పాతది ముందు తియ్యాలి, అందులో టిక్కులు పడనివి ఉన్నాయిగా" అంది.